సెక్యూరిటీ కాన్ఫరెన్స్‌కు టాక్ పంపడం ఎలా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి సమగ్ర మార్గదర్శి

నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో సైబర్ సెక్యూరిటీ మీద మనసు పెట్టినవాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు. బగ్ బౌంటీల్లో (కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో లోపాలు పట్టిస్తే ఇచ్చే బహుమతుల్లో) సంపాదిస్తున్నవాళ్లున్నారు. చెన్నై, హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో పెన్‌టెస్టింగ్, అంటే అనుమతితో దాడి చేసి లోపాలు వెతికే పని, చేస్తున్నవాళ్లున్నారు. కాన్ఫరెన్స్ వేదిక ఎక్కి తమ పని గురించి మాట్లాడినవాళ్లు మాత్రం తక్కువే. ఎందుకని అడిగితే "మనవి తీసుకోరులే అన్నా" అంటారు. తీసుకోకపోవడం తర్వాతి మాట, చాలామంది అసలు పంపనే పంపరు. పంపినవాళ్లలోనూ కొందరికి పని బాగుంటుంది, దాన్ని కాగితం మీద పెట్టడం దగ్గర తేలిపోతారు. ప్రపోజల్స్ పంపిన అనుభవంతో పాటు, వచ్చినవాటిని చదివి మార్కులు వేసిన అనుభవం కూడా నాకుంది. అటువైపు కూర్చున్నవాళ్లకు ఏం కనిపిస్తుందో చెబితే సగం టెన్షన్ పోతుందని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. కాన్ఫరెన్స్‌వాళ్లు "టాక్‌లు పంపండి" అని పిలిచే ప్రకటనను అందరూ సీఎఫ్‌పీ అంటారు. అది సాధారణంగా కాన్ఫరెన్స్‌కు కొన్ని నెలల ముందే తెరుచుకుంటుంది, ఫలానా తేదీకి మూసేస్తారు. గడువు రాత్రి కూర్చుని రాసిన ప్రపోజల్ చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. కనీసం మూడు వారాలు చేతిలో ఉంచుకుని మొదలుపెట్టండి.

మొదటి మెట్టు: ఎక్కడికి పంపాలి

పేరు విన్న ప్రతిచోటికీ ఒకేసారి పంపకండి. మన దేశంలో 2010లో గోవాలో మొదలైన నల్‌కాన్ ఉంది, కేరళ పోలీసుల ఆధ్వర్యంలో జరిగే కోకోన్ ఉంది, ఊరూరా వేర్వేరు బృందాలు నడిపే బీసైడ్స్ ఉన్నాయి. బయట 1993లో మొదలైన డెఫ్‌కాన్, 1997లో మొదలైన బ్లాక్‌హ్యాట్ పెద్దవి. డెఫ్‌కాన్‌లో విలేజీలని ఉంటాయి. కార్ల సెక్యూరిటీకి ఒకటి, పరిశ్రమల్లోని కంట్రోల్ సిస్టమ్స్‌కు ఒకటి, ఇలా ఒక్కో అంశానికి ఒక్కోటి. వాటిలో చాలావాటికి సీఎఫ్‌పీ విడిగా ఉంటుంది, మెయిన్ స్టేజీ కంటే అక్కడ కొత్తవాళ్లకు చోటు దొరికే అవకాశం ఎక్కువ.

నా సలహా మాత్రం ఇంకా దగ్గర నుంచి మొదలుపెట్టమని. నల్ అనే ఓపెన్ సెక్యూరిటీ కమ్యూనిటీకి హైదరాబాద్, చెన్నై, బెంగళూరుల్లో చాప్టర్లున్నాయి. వాళ్ల మీట్‌లు ఉచితం, మాట్లాడతామని ముందుకొచ్చేవాళ్ల కోసం వాళ్లే ఎదురుచూస్తుంటారు. వెబ్ అప్లికేషన్ల భద్రత మీద పనిచేసే ఒవాస్ప్ చాప్టర్లూ అంతే. నెల్లూరు నుంచి చెన్నై రైల్లో మూడు గంటల దారి. ఒంగోలువాళ్లు రాత్రి సింహపురి ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగొచ్చు. అలాంటి మీట్‌లో ముప్పై మంది ముందు ఒకసారి మాట్లాడితే, మీ విషయంలో ఏ ముక్కకు జనం ముందుకు వంగి విన్నారో, ఎక్కడ ఫోన్లు తీశారో కళ్లారా చూస్తారు. ప్రపోజల్ రాయడానికి అంతకు మించిన ముడిసరుకు లేదు.

ఎంచుకున్న కాన్ఫరెన్స్‌లో గత రెండేళ్ల టాక్‌ల జాబితా మొత్తం చదవండి. మీ అంశం మీద ఇప్పటికే ఎవరైనా మాట్లాడి ఉంటే ఆ వీడియో చూడండి. వాళ్లు ఎక్కడ ఆపారో మీరు అక్కడి నుంచి మొదలుపెట్టాలి, ఆ సంగతి ప్రపోజల్‌లోనే రాయాలి.

రెండో మెట్టు: ఏ విషయం మీద

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. "ఏఐతో సైబర్ దాడులు", "క్లౌడ్ సెక్యూరిటీలో సవాళ్లు" లాంటి అంశాలు పట్టుకుంటారు. వాటి మీద ప్రపోజల్స్ కుప్పలుగా వస్తాయి. పెద్ద కంపెనీల రీసెర్చ్ టీములతో పోటీపడి, అందులో మీరు కొత్తగా చెప్పగలిగేది ఏముంటుంది?

మీ చుట్టూ చూడండి. తీరం వెంబడి అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట నుంచి పైన కొత్తపట్నం దాకా రొయ్యల గుంటలు. వాటిలో నీటికి ఆక్సిజన్ అందించే ఏరియేటర్లు, ఆ ఏరియేటర్లకు ఆటో స్టార్టర్లు, ఫోన్ నుంచి నడిపే కంట్రోలర్లు. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో కంప్యూటర్‌తో నడిచే కటింగ్ మిషన్లు. కొండపి, టంగుటూరు పొగాకు వేలం కేంద్రాల్లో ఎలక్ట్రానిక్ వేలం. ట్రంక్ రోడ్డు మీద ప్రతి కొట్టులో డబ్బు పడగానే అరిచే యూపీఐ సౌండ్ బాక్సు. ఇవన్నీ కంప్యూటర్లే. వీటి పక్కన నిలబడి చూసే అవకాశం గోవాలోనో లాస్ వేగాస్‌లోనో కూర్చున్న రీసెర్చర్‌కు లేదు, మీకుంది. రివ్యూయర్ దృష్టిలో దీనికి చాలా విలువ ఉంటుంది, ఎందుకంటే అతను అదే రోజు చదివిన మిగతా ప్రపోజల్స్‌లో ఇది ఉండదు.

ఈ వ్యాసం పొడవునా ఒక ఊహించిన ఉదాహరణ వాడతాను. రొయ్యల గుంట మీద ఒక జీఎస్ఎం కంట్రోలర్ ఉందనుకుందాం. అందులో సిమ్ వేస్తారు. రైతు ఇంట్లోంచి ఎస్సెమ్మెస్ పంపితే ఏరియేటర్ ఆన్ అవుతుంది, ఇంకోటి పంపితే ఆగిపోతుంది. మెసేజ్‌లో పాస్‌వర్డ్ ఉండాలి, కానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌ను ఎవరూ మార్చరు. అదెంత ప్రమాదమో తెలియాలంటే గుంట సంగతి తెలియాలి. పగలు నీటిలోని నాచు, ప్లాంక్టన్ ఆక్సిజన్ ఇస్తాయి. రాత్రయ్యాక ఇవ్వడం ఆగిపోతుంది, గుంటలోని ప్రాణులన్నీ వాడుకోవడం మాత్రం ఆగదు. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువకు పడిపోతుంది. వనామీ రకం రొయ్యలు ఒత్తుగా వేసిన గుంటలో ఆ వేళ ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి పంట పోవచ్చు. ఒక ఎస్సెమ్మెస్‌కూ లక్షల అప్పుకూ మధ్య దూరం ఇంతే. ఇలాంటి సంగతి ప్రపోజల్‌లో రెండు వాక్యాల్లో వచ్చిందంటే, చదివేవాడు పక్క ప్రపోజల్‌కు తొందరగా వెళ్లడు.

మూడో మెట్టు: చట్టం, అనుమతి, ముందస్తు సమాచారం

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. ఐటీ చట్టం 2000లో 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా ఎవరి కంప్యూటర్‌లోకైనా చొరబడడం తప్పు. దురుద్దేశంతోనో మోసపూరితంగానో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రభుత్వం రక్షిత వ్యవస్థగా ప్రకటించినదాని జోలికి పోతే 70వ సెక్షన్, అక్కడ పదేళ్ల వరకు ఉంది. "నేర్చుకోవడానికి చేశాను" అన్న మాట స్టేషన్‌లో పనిచేయకపోవచ్చు.

కాబట్టి వేలం కేంద్రం, పోర్టు, కరెంటు సబ్‌స్టేషన్, బ్యాంకు లాంటివాటిని రాతపూర్వక అనుమతి లేకుండా తాకకండి. మన ఉదాహరణలోని కంట్రోలర్ అయితే దుకాణంలో సొంత డబ్బుతో కొనండి, బిల్లు దాచుకోండి, ఇంట్లో బల్ల మీద బల్బు తగిలించి పరీక్షించండి. రైతు గుంట మీద ఉన్నదాన్ని, మామ గుంటే అయినా సరే, పంట ఉండగా ముట్టుకోవద్దు. లైసెన్స్ లేకుండా మొబైల్ ఫ్రీక్వెన్సీల్లో ప్రసారం చేయడం కూడా చట్టవిరుద్ధం. దొంగ టవర్ పెట్టి చూపిస్తాననే డెమో ఆలోచన ఉంటే ఇక్కడే మానుకోండి.

లోపం దొరికాక తయారీదారుకు రాయండి. ఏ తేదీన రాశారు, వాళ్లేమన్నారు, మళ్లీ ఎప్పుడు గుర్తుచేశారు, అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. జవాబు రాకపోతే సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఉంది. లోపాలు కనిపెట్టినవాళ్లకూ కంపెనీలకూ మధ్య సమన్వయం చేయడం దాని పనుల్లో ఒకటి, 2021 నుంచి సీవీఈ నంబర్లు (ఒక్కో లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) ఇచ్చే అధికారం కూడా దానికి ఉంది. లోపాలు వెతికే గూగుల్ బృందం ప్రాజెక్ట్ జీరో, తయారీదారుకు చెప్పాక లోపాన్ని బయటపెట్టే ముందు పాటించే 90 రోజుల గడువును చాలామంది కొలమానంగా తీసుకుంటారు. కాన్ఫరెన్స్ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటే తయారీదారుకు ఎప్పటికల్లా రాసి ఉండాలో మీకే తేలుతుంది. ప్యాచ్ చేయడానికి, అంటే అప్‌డేట్‌తో లోపం దిద్దడానికి, వీల్లేని పరికరాలైతే ఇంకా ఎక్కువ సమయం ఇవ్వడం న్యాయం. గుంట మీద పెట్టిన డబ్బాకు ఆన్‌లైన్ అప్‌డేట్ వెళ్లదు కదా.

ప్రపోజల్ ఫారంలో డిస్‌క్లోజర్ (లోపాన్ని తయారీదారుకు తెలియజేయడం) గురించి అడిగినా అడగకపోయినా ఈ తేదీలు రాయండి. రివ్యూ కమిటీకి ఉండే భయాల్లో పెద్దది ఇదే: టాక్ ఒప్పుకున్నాక చివరి వారంలో లాయర్ నోటీసు వచ్చి స్పీకర్ వెనక్కి తగ్గడం.

నాలుగో మెట్టు: ఏ రకం సెషన్

విషయాన్ని బట్టి ఆకారం ఎంచుకోవాలి. పూర్తి టాక్ అంటే సుమారు 40 నుంచి 45 నిమిషాలు. ఒకే ఒక్క లోపం, ఒకే ఒక్క పాఠం ఉంటే 20 నిమిషాలది అడగండి, చిన్నదని నామోషీ అక్కర్లేదు. జనం చేత ల్యాప్‌టాప్ తెరిపించి చేయించేదైతే వర్క్‌షాప్, అది గంటల తరబడి ఉంటుంది, ప్రతి ఒక్కరికీ పరికరం ఎలా ఇస్తారో కూడా రాయాల్సి వస్తుంది. టూల్ రాసి ఉంటే బ్లాక్‌హ్యాట్ ఆర్సెనల్ లాంటి వేదికలు దానికోసమే ఉన్నాయి. ప్యానెల్ చర్చ మాత్రం మొదటిసారి వద్దు. పేరున్న నలుగురు వస్తామంటేనే అది నిలబడుతుంది.

అయిదో మెట్టు: టైటిల్, అబ్‌స్ట్రాక్ట్

అబ్‌స్ట్రాక్ట్, అంటే టాక్ సారాంశం, రెండు కళ్ల కోసం. ఒకటి రివ్యూయర్‌ది, రెండోది ఒప్పుకున్నాక ప్రోగ్రామ్‌లో చదివి మీ హాల్లోకి రావాలా వద్దా అని తేల్చుకునే ప్రేక్షకుడిది. 150 నుంచి 250 మాటల్లో ముగించండి. నాకు తరచుగా కనిపించే రకం ఇలా ఉంటుంది:

"నేటి డిజిటల్ యుగంలో ఐఓటీ (ఇంటర్నెట్‌కు కలిపిన) పరికరాల వాడకం విపరీతంగా పెరిగింది. దీనితో పాటు భద్రతా సవాళ్లు కూడా పెరుగుతున్నాయి. ఈ ప్రసంగంలో వ్యవసాయ రంగంలో ఐఓటీ భద్రత ప్రాముఖ్యతను, దాడుల రకాలను, నివారణ మార్గాలను చర్చిస్తాం."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, సమాచారమూ లేదు. రాసినవాడు ఏం చేశాడో తెలియదు. ఇదే పనిని ఇలా రాయొచ్చు:

"రొయ్యల గుంటల్లో ఏరియేటర్లను ఎస్సెమ్మెస్‌తో నడిపే కంట్రోలర్లు మూడు కంపెనీలవి కొని విప్పాం. మూడింటిలోనూ ఆదేశం ఎవరి నుంచి వచ్చిందో సరిచూసే పద్ధతి బలహీనంగా ఉంది. ఒకదానిలో ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చినా పాతది పనిచేస్తూనే ఉంది. తెల్లవారుజామున ఏరియేటర్ ఆగితే పంటంతా పోయే పరిస్థితిలో దీని అర్థం ఏమిటో చూపిస్తాం. ఫర్మ్‌వేర్ ఎలా బయటికి తీశామో, లోపం ఎక్కడుందో, అప్‌డేట్ వీల్లేని పరికరంలో రైతు ఈ రోజే చేసుకోగలిగిన మార్పు ఏమిటో వివరిస్తాం. హాజరైనవారు ఇలాంటి చవక జీఎస్ఎం పరికరాన్ని సొంతంగా పరీక్షించే పద్ధతి నేర్చుకుంటారు."

ఇది కల్పించిన నమూనా, ఫలితాలు మీవి మీరు పెట్టుకోవాలి. గమనించాల్సింది వరస: ఏం చేశాం, ఏం దొరికింది, ఎందుకు పట్టించుకోవాలి, ఏం చూపిస్తాం, విన్నవాళ్లకు ఏం మిగులుతుంది. మొదటి వాక్యంలోనే చేసిన పని వచ్చేసింది. "ప్రపంచవ్యాప్తంగా" అని మొదలయ్యే వాక్యం ఏది రాసినా కొట్టేయండి.

ఏఐ చేత రాయించడం గురించి అడుగుతుంటారు. వ్యాకరణం దిద్దించుకోండి, పరవాలేదు. మొత్తం రాయిస్తే మాత్రం అది మొదటి రకంలాగే వస్తుంది, ఎందుకంటే మీ బల్ల మీద ఏం జరిగిందో దానికి తెలియదు. ఇంగ్లీషు భయం ఉన్నవాళ్లు ముందు తెలుగులో రాసుకోండి. ఆలోచన తేలాక చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లీషులోకి తెచ్చుకోండి. విషయం అర్థమైతే చాలు, గ్రామర్‌కు మార్కులు తీసేసే మంచి రివ్యూయర్‌ను నేను చూడలేదు.

టైటిల్ దగ్గర చమత్కారం అందరికీ సరదానే. కానీ టైటిల్ చదవగానే పరికరమో, టెక్నిక్కో, ఫలితమో ఒక్కటైనా తెలియాలి. వేడుక తర్వాత.

ఆరో మెట్టు: వివరమైన అవుట్‌లైన్

టాక్ నిలిచేదీ పోయేదీ ఫారంలోని ఈ పెట్టెలోనే. అబ్‌స్ట్రాక్ట్ ప్రజలకు, అవుట్‌లైన్ కమిటీకి మాత్రమే. ఇక్కడ సస్పెన్స్ పనికిరాదు. "అసలు లోపం వేదిక మీదే చెబుతా" అని రాసినవాటికి మార్కులు వేయడానికి నా దగ్గర ఆధారమే ఉండదు. లోపం ఏమిటో, ఎలా కనిపెట్టారో, ఏ వెర్షన్‌లో ఉందో, ఎంత రుజువు ఉందో పూర్తిగా రాయండి.

నిమిషాలు వేసి రాస్తే ఇంకా మంచిది. 40 నిమిషాల స్లాటుకు మన ఉదాహరణ ఇలా వస్తుంది:

0–4: గుంట, ఆక్సిజన్, ఏరియేటర్ ఆగితే ఏమవుతుంది. ఒక ఫొటో, ఒక గ్రాఫ్ మాత్రమే.
4–11: కంట్రోలర్ లోపలి భాగాలు. ఏ చిప్, ఏ మోడెమ్, సీరియల్ పిన్నులు ఎక్కడ దొరికాయి.
11–21: మెసేజ్ వచ్చినప్పుడు కోడ్ ఏం చేస్తుంది. పాస్‌వర్డ్ సరిచూసే ఫంక్షన్‌లో తప్పు. మూడు కంపెనీల పోలిక.
21–27: డెమో.
27–32: తయారీదారులతో జరిగిన ఉత్తరాలు, తేదీలు.
32–36: రైతు, మెకానిక్, కంపెనీ చేయగలిగినవి.
మిగతాది ప్రశ్నలకు.

నేపథ్యానికి నాలుగు నిమిషాలే ఇచ్చామని చూడండి. కొత్తవాళ్ల అవుట్‌లైన్‌లో "ఐఓటీ అంటే ఏమిటి" అనేది పదిహేను నిమిషాలు తినేస్తుంది. సెక్యూరిటీ కాన్ఫరెన్స్‌కు వచ్చినవాడికి అది తెలుసు. రొయ్యల సంగతి తెలియదు, కాబట్టి ఆ నాలుగు నిమిషాలు దానికి పెట్టాం.

వీలైతే స్క్రీన్‌షాట్లు, చిన్న వీడియో, తెలిసినవాళ్లకు మాత్రమే తెరుచుకునే లింకుగా జతచేయండి. అందులో రైతుల ఫోన్ నంబర్లు కనిపిస్తే మసకచేయడం చాలదు. మసకచేసిన అక్షరాలను తిరిగి రాబట్టే పద్ధతులున్నాయి. పీడీఎఫ్‌లో నల్లపెట్టె గీసినా కింద టెక్స్ట్ అలాగే ఉండి కాపీ అయిపోతుంది. నంబరు తీసేసి, కల్పిత నంబరుతో మళ్లీ స్క్రీన్‌షాట్ తీయండి.

ఏడో మెట్టు: మిగతా పెట్టెలు

బయో నాలుగు వాక్యాలు చాలు. సర్టిఫికెట్ల చిట్టా కంటే ఈ విషయంతో మీకున్న సంబంధం ముఖ్యం. "నాన్నకు ఇరవై ఎకరాల రొయ్యల గుంటలున్నాయి, వాటి కంట్రోల్ ప్యానెళ్లు చిన్నప్పటి నుంచి నేనే బాగుచేస్తున్నాను" అన్నది నిజమైతే దానికి మించిన అర్హత ఉండదు. కొన్ని కాన్ఫరెన్స్‌లు పేర్లు దాచి రివ్యూ చేస్తాయి. అక్కడ అబ్‌స్ట్రాక్ట్‌లో, అవుట్‌లైన్‌లో, స్క్రీన్‌షాట్‌ల మూలల్లో మీ పేరు, కాలేజీ పేరు లేకుండా చూసుకోండి.

ఇంతకుముందు ఎక్కడైనా మాట్లాడారా అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చిన్న మీట్‌లో చెప్పినదాన్ని సాధారణంగా అభ్యంతరంగా చూడరు, కొత్తగా ఏం చేర్చారో రాస్తే సరిపోతుంది. మీ కంపెనీ సరుకు అమ్మే వాసన మాత్రం రానివ్వకండి. ఉద్యోగంలో ఉన్నవాళ్లు కంపెనీ అనుమతి ఇప్పుడే అడిగి ఉంచుకోండి.

ప్రయాణం, బస ఖర్చు ఇస్తారా అన్నది కాన్ఫరెన్స్‌ను బట్టి ఉంటుంది. చాలా ఫారాల్లో దానికో ప్రశ్న ఉంటుంది, కావాలంటే కావాలనే రాయండి. మొహమాటంతో వద్దని రాసి, ఒప్పుకున్నాక టికెట్ డబ్బు లేక మానేస్తే అవతల ఇంకొకరి చోటు కూడా వృథా అవుతుంది.

ఎనిమిదో మెట్టు: పంపే ముందు

ఇద్దరికి చూపించండి. ఒకరు సెక్యూరిటీ తెలిసినవాళ్లు, ఇంకొకరు కంప్యూటర్లు తెలిసినా ఈ అంశం తెలియనివాళ్లు. రెండోవారిని అబ్‌స్ట్రాక్ట్ చదివాక పక్కన పెట్టమని, ఈ టాక్ దేని గురించో సొంత మాటల్లో చెప్పమనండి. తప్పు చెబితే దిద్దాల్సింది మీ రాతనే. గడువు ఏ టైమ్‌జోన్‌లో ఉందో చూసుకుని ఒకరోజు ముందే పంపేయండి.

తొమ్మిదో మెట్టు: జవాబు వచ్చాక

కాదన్నారంటే పని బాగాలేదని కాదు. బీసైడ్స్ పుట్టిందే అలా: 2009లో బ్లాక్‌హ్యాట్‌లో చోటు చాలక తిరస్కరించిన మంచి టాక్‌ల కోసం లాస్ వేగాస్‌లో విడిగా ఒక వేదిక పెట్టారు, అదే ఇవాళ దేశదేశాల్లో జరుగుతోంది. కమిటీకి మర్యాదగా రాసి అభిప్రాయం అడగండి, కొందరు ఇస్తారు. వాళ్లు చెప్పినది దిద్ది, ఆ కాన్ఫరెన్స్‌కు తగ్గట్టు మార్చి వేరేచోటికి పంపండి. బీసైడ్స్ లాస్ వేగాస్‌లో మొదటిసారి మాట్లాడేవాళ్లకు మెంటార్‌ను జతచేసే ప్రూవింగ్ గ్రౌండ్ అనే విభాగం కూడా ఉంది.

ఒప్పుకుంటే స్లైడ్ల గడువు వెంటనే క్యాలెండర్‌లో వేసుకోండి. డెమోను ముందే రికార్డు చేసి ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి పెట్టుకోండి. హాల్లో వేలమంది ఫోన్ల మధ్య మీ ఎస్సెమ్మెస్ సమయానికి వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. కంట్రోలర్‌ను విమానంలో తీసుకెళ్తుంటే బ్యాటరీ, వైర్లు విడదీసి పెట్టుకోండి, బిల్లు వెంట ఉంచుకోండి. గడియారం పెట్టుకుని నిలబడి, గట్టిగా మాట్లాడుతూ రిహార్సల్ చేయండి. కుర్చీలో కూర్చుని మనసులో అనుకుంటే 40 నిమిషాల టాక్ 25కే అయిపోయినట్టుంటుంది.

టాక్ అయ్యాక స్లైడ్లు అందరికీ అందుబాటులో పెట్టండి. దానితో పాటు తెలుగులో ఒక పేజీ కాగితం తయారుచేయండి: ఏ మోడల్, పాస్‌వర్డ్ మార్చడానికి ఏ మెసేజ్ పంపాలి, మారిందో లేదో ఎలా చూసుకోవాలి, ఏరియేటర్ ఆగితే ఫోన్ మోగేలా అలారం ఎలా పెట్టుకోవాలి. రొయ్యల మేత అమ్మే షాపుల్లో, ప్యానెల్ మెకానిక్‌ల దగ్గర ఇవ్వండి. కంట్రోలర్ బిగించేది మెకానిక్కే కాబట్టి ముందు వాళ్లకు.